ఆడియో ఫైల్ స్పీడ్ తేడాగా వస్తోందా? ముందు లెక్క తేల్చండి, తర్వాత రిపేర్ చేయండి

రికార్డింగ్ ప్లే చేస్తే గొంతు బొంగురుపోయి సాగుతూ వస్తుంది, లేదా కీచుగా గబగబా పరిగెడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది ఏదో ఒక ఎడిటర్ తెరిచి, స్పీడ్ స్లైడర్ పట్టుకుని, "ఆఁ, ఇప్పుడు బాగానే ఉన్నట్టుంది" అనిపించేదాకా అటూ ఇటూ జరుపుతారు. ఆ పని చేయకండి. చెవి తొందరగా అలవాటు పడిపోతుంది, కాసేపు వింటే తప్పు స్పీడే సరైనదిలా వినిపిస్తుంది. పైగా ఈ తేడా చాలావరకు ఎలాపడితే అలా వచ్చే అంకె కాదు. 48000కీ 44100కీ (సెకనుకి ఎన్ని శబ్దపు అంకెలు చదవాలో చెప్పే రేట్లు ఇవి) మధ్య తేడానో, సరిగ్గా రెట్టింపో, సరిగ్గా సగమో, సెకనుకి 25 వీడియో ఫ్రేములకీ 24 ఫ్రేములకీ ఉన్న తేడానో, ఇలా మనకు ముందే తెలిసిన నిష్పత్తి ఏదో ఒకటి అయి ఉంటుంది. అదేంటో దొరికితే మిగతాది చిన్న పనే, చాలాసార్లు నాణ్యత రవ్వంత కూడా పోకుండా అయిపోతుంది.

అసలు తప్పు ఫైల్‌దేనా?

అన్నిటికన్నా ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఏం చేసినా కాపీ మీదే.

తర్వాత అదే ఫైల్‌ని ఇంకో ప్లేయర్‌లో, కుదిరితే ఇంకో పరికరంలో వినండి. వీఎల్‌సీలో చదరపు బ్రాకెట్ కీలు పొరపాటున తగిలితే స్పీడ్ మారిపోతుంది, ఈక్వల్ కీ నొక్కితే మామూలుకి వస్తుంది. పాడ్‌కాస్ట్ యాప్‌లు, వాయిస్ మెసేజ్‌లు వినే యాప్‌లు మీరు ఎప్పుడో పెట్టిన 1.5 రెట్ల స్పీడ్‌ని గుర్తుపెట్టుకుని కూర్చుంటాయి. ఒక కంప్యూటర్‌లో అన్ని ఫైళ్లూ తేడాగా వినిపిస్తుంటే అది ఫైల్ గోల కాదు, సౌండ్ కార్డ్ సెట్టింగ్. బయట తగిలించిన ఆడియో ఇంటర్‌ఫేస్ 48000 దగ్గర లాక్ అయి ఉండి సాఫ్ట్‌వేర్ మాత్రం 44100 అనుకుంటుంటే ఇలా జరుగుతుంది. విండోస్‌లో అయితే సౌండ్ డివైస్ ప్రాపర్టీస్‌లోని డిఫాల్ట్ ఫార్మాట్, మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్, అక్కడా, మీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే రేట్ ఉందో లేదో చూడండి. అక్కడితో తేలిపోతే మీ ఫైల్‌ని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు.

ఇంకో మాట. ప్లేయర్‌లో నిడివి తప్పుగా చూపిస్తూ శబ్దం మాత్రం మామూలుగానే వస్తుంటే అది స్పీడ్ సమస్య కాదు. వేరియబుల్ బిట్ రేట్ ఎంపీ3లో నిడివి వివరాలున్న హెడర్ లేకపోతే ప్లేయర్ అంచనా మీద లెక్కేస్తుంది, ఆ అంచనా తప్పుతుంది. అంతే.

పిచ్ కూడా మారిందా?

పిచ్ అంటే గొంతు ఎంత కీచుగా, ఎంత బొంగురుగా ఉందన్నది. ఇక్కడే సగం రోగం తేలిపోతుంది, కాబట్టి కాస్త ఓపికగా వినండి.

డిజిటల్ ఆడియో ఫైల్‌లో ఉండేది వరసగా పేర్చిన అంకెలు, అంటే శాంపిళ్లు. సెకనుకి వాటిని ఎన్ని చొప్పున చదవాలో ఫైల్ మొదట్లో ఉండే హెడర్ చెబుతుంది. అది 48000 అనాల్సిన చోట 44100 అంటే, ప్లేయర్ పాపం చెప్పినట్టే చదువుతుంది. శబ్దం నెమ్మదిస్తుంది, పిచ్ కూడా దాంతోపాటే కిందికి దిగుతుంది. ఇది మంచి రకం జబ్బు: అంకెలన్నీ భద్రంగానే ఉన్నాయి, చదివే వేగం ఒక్కటే తప్పు. టేప్‌ని తప్పు స్పీడ్‌లో తిప్పి ఎక్కించినా లక్షణం ఇదే.

స్పీడ్ మారింది కానీ గొంతు పిచ్ మామూలుగానే ఉంది అంటే ఎవరో, లేదా ఏదో యాప్, టైమ్ స్ట్రెచ్ చేసి సేవ్ చేసిందని అర్థం. చప్పట్లు, తలుపు చప్పుడు లాంటివి వినండి. స్ట్రెచ్ అయిన ఫైల్‌లో అవి కాస్త లోహపు శబ్దంలా, రెండేసిసార్లు కొట్టినట్టు వస్తాయి. దీన్ని వెనక్కి తిప్పొచ్చు కానీ పూర్తిగా మునుపటిలా రాదు. ఒరిజినల్ దొరికే దారి ఉంటే దానికోసం వెతకడమే మేలు.

పిచ్ బాగుంది, మాట వేగమూ బాగుంది, కానీ వీడియోతో పోలిస్తే పోనుపోను పెదాలకీ మాటకీ పొంతన తప్పుతోంది అంటే అది డ్రిఫ్ట్. దాని సంగతి కింద విడిగా చెబుతాను, దాన్ని వీటితో కలిపేయకండి.

నిష్పత్తి పట్టుకోవడం

తేలికైన దారి నిడివి. అసలు ఎంతసేపు రికార్డ్ చేశారో తెలిస్తే, ఇప్పుడు ఫైల్ చూపిస్తున్న నిడివిని అసలు నిడివితో భాగించండి. సరిగ్గా గంటసేపు రికార్డ్ చేసిన మీటింగ్ ఇప్పుడు 65 నిమిషాల 18 సెకన్లు చూపిస్తోందనుకోండి. 3918ని 3600తో భాగిస్తే 1.088 వస్తుంది. ఇప్పుడు మీడియాఇన్ఫో లాంటి టూల్‌లో ఫైల్ తెరిచి శాంపిల్ రేట్ ఎంత ఉందో చూడండి. 44100 అని ఉంటే దాన్ని 1.088తో గుణించండి: దాదాపు 48000. దొంగ దొరికాడు. అదే గంట 55 నిమిషాల 7 సెకన్లకే అయిపోతుంటే కథ తిరగబడిందన్నమాట, 44100లో రికార్డ్ అయిన దాన్ని 48000 అని చదువుతున్నారు.

ఈ గుణకారం ఎప్పుడూ చేయండి. హెడర్ చెప్పే రేట్‌ని నిష్పత్తితో గుణిస్తే వచ్చేది 8000, 11025, 16000, 22050, 24000, 32000, 44100, 48000, 88200, 96000 వీటిలో ఒకదానికి బాగా దగ్గరగా ఉంటే మీ అనుమానం నిజమైనట్టే. ఉదాహరణకి హెడర్‌లో 16000 ఉండి, ఫైల్ 3 రెట్లు సాగితే అసలు రేట్ 48000. ఎక్కడా కుదరకపోతే అది శాంపిల్ రేట్ సమస్య కాదు, టేపో ఫిల్మో అయి ఉంటుంది.

నిడివి తెలియదా? రికార్డింగ్‌లో ఖచ్చితమైన ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దం ఏదైనా దొరుకుతుందేమో చూడండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో ఆ ముక్కని సెలెక్ట్ చేసి, అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తీస్తే శిఖరం ఎక్కడుందో అంకెతో సహా చూపిస్తుంది, సైజ్ అన్న చోట పెద్ద అంకె ఎంచుకుంటే ఇంకా కచ్చితంగా వస్తుంది. ఫోన్ బటన్ల టోన్లు ఉంటే పండగే. ఒక్కో బటన్‌కి రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి ఉంటాయి: కింది వరస 697, 770, 852, 941 హెర్ట్జ్, పై వరస 1209, 1336, 1477. మీకు 770 బదులు 707 దగ్గర శిఖరం కనిపిస్తే 0.919 రెట్లు, అంటే మళ్లీ ఆ 44100 కథే. సంగీతం అయితే 440 హెర్ట్జ్‌కి శ్రుతి చేసిన వాద్యం పనికొస్తుంది, కానీ అందరూ 440కే శ్రుతి చేయరు, 442కి చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి అర శాతం తేడాని సంగీతం మీద ఆధారపడి తేల్చకండి.

కరెంట్ హమ్ (కరెంటు సరఫరా వల్ల రికార్డింగ్‌లో పడే సన్నటి రొద) కూడా మంచి సాక్షి. సరఫరా 50 హెర్ట్జ్ ఉన్న చోట్ల అది 50, 100 దగ్గర, 60 ఉన్న చోట్ల 60, 120 దగ్గర కనిపించాలి. అది 52.5 దగ్గర ఉంటే ఫైల్ 5 శాతం వేగంగా ఉందన్నమాట. అయితే ఒక మెలిక ఉంది. ఆ హమ్ అసలు రికార్డింగ్ రోజున పడిందా, లేక తర్వాత టేప్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పడిందా? రెండో రకం ఎప్పుడూ సరిగ్గా 50 దగ్గరే ఉంటుంది, టేప్ ఎంత తప్పు స్పీడ్‌లో తిరిగినా సరే. టేప్ మొదలయ్యే ముందు, అయిపోయాక ఉండే ఖాళీలో కూడా హమ్ ఉంటే అది ఎక్కించేటప్పుడు పడిందే, దాన్ని నమ్మకండి.

తరచూ ఎదురయ్యే అంకెలు ఇవి, గుర్తుపెట్టుకుంటే చాలాసార్లు లెక్క కూడా అక్కర్లేదు:

- 1.088 లేదా 0.919: 48000, 44100 గందరగోళం. పిచ్ సుమారు ఒకటిన్నర సెమిటోన్ (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోన్) మారుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.
- సరిగ్గా 2 లేదా సగం: రేట్ రెట్టింపు తేడా, లేదా మోనో స్టీరియో గందరగోళం, లేదా టేప్.
- 1.5, 3, 6: 48000కి 32000, 16000, 8000 తగులుకున్నాయి.
- 1.042 (ఇది వేగం, నిడివి లెక్కలో అయితే 0.96): సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములకి నడిపారు. పిచ్ ముప్పావు సెమిటోన్‌కి కాస్త తక్కువ పెరుగుతుంది, 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది.
- 1.35 (ఇదీ వేగమే): 33⅓ రికార్డుని 45లో తిప్పారు.
- 1.001: 24, 23.976 ఫ్రేముల తేడా. చెవికి తెలియదు, గంటకి 3.6 సెకన్లు జారుతుంది.

శాతాలతో జాగ్రత్త. 44100గా ప్లే అవుతున్న 48000 ఫైల్ 8.1 శాతం నెమ్మదిగా ఉంటుంది, కానీ దాన్ని సరిచేయాలంటే 8.1 కాదు, 8.84 శాతం పెంచాలి. అలాగే 24 నుంచి 25కి పెరిగింది 4.17 శాతం, వెనక్కి రావాలంటే తగ్గించాల్సింది సరిగ్గా 4 శాతం. అందుకే నేను శాతాల జోలికి పోను, గుణించే అంకెతోనే పని చేస్తాను.

రేట్ తప్పు అని తేలితే

ఆడాసిటీలో ఫైల్ తెరవండి. ట్రాక్ పేరు పక్కన చిన్న బాణమో మూడు చుక్కలో ఉంటాయి, అవి నొక్కితే వచ్చే మెనూలో రేట్ అని ఉంటుంది. అక్కడ అసలు రేట్ ఎంచుకోండి. అంతే, ట్రాక్ నిడివి అక్కడికక్కడే మారిపోతుంది. ఇది ఎఫెక్ట్ కాదు, ఒక్క శాంపిల్ కూడా మారదు, చదివే వేగం మాత్రమే మారుతుంది. ఎఫెక్ట్ మెనూలో ఉండే చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ వాడినా వినడానికి దాదాపు ఇలాగే ఉంటుంది కానీ అది కొత్త శాంపిళ్లు లెక్కగట్టి పెడుతుంది. ఊరికే వచ్చేదాన్ని వదులుకుని అది ఎందుకు?

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అదే రేట్ పెట్టండి, లేకపోతే ఇక్కడ మళ్లీ రీశాంపిల్ అవుతుంది, అంటే కొత్త శాంపిళ్లు లెక్కగట్టి పెడుతుంది. వేవ్ ఫైల్‌ని 16 బిట్‌లో తీస్తున్నారా, అయితే ప్రిఫరెన్సెస్‌లోని క్వాలిటీ పేజీలో డిథర్‌ని (అంకెల్ని కుదించేటప్పుడు కలిపే సన్నటి హోరు) నన్ అని పెడితే అంకెలు ఉన్నవి ఉన్నట్టే బయటికొస్తాయి. లేకపోయినా కొంపేం మునగదు, డిథర్ శబ్దం మామూలుగా వినిపించదు. కానీ దాచుకునే ఒరిజినల్స్ విషయంలో నేను తీసేస్తాను.

బోలెడు ఫైళ్లు ఉంటే, కమాండ్‌లు టైప్ చేసి నడిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నయం. దాంట్లో ఎసెట్‌రేట్ అనే ఆడియో ఫిల్టర్ ఈ పనే చేస్తుంది, దానికి అసలు రేట్ ఇస్తే చాలు. చివరికి వేరే రేట్ కావాలంటే దాని వెనకే ఎరీశాంపిల్ తగిలించండి. ఆ వరసే ముఖ్యం. ఎరీశాంపిల్ ఒక్కటే వాడితే తప్పు స్పీడ్ తప్పుగానే ఉండి, రేట్ మాత్రం మారుతుంది. "నేను 48000కి కన్వర్ట్ చేశాను, అయినా అలాగే ఉంది" అనేవాళ్ల సమస్య చాలావరకు ఇదే. కన్వర్ట్ చేయడం వేరు, హెడర్‌లో రాసిన అబద్ధాన్ని సరిదిద్దడం వేరు.

హెక్స్ ఎడిటర్ (ఫైల్‌లోని బైట్లని నేరుగా చూపించి మార్చనిచ్చే టూల్) అంటే భయం లేనివాళ్లు వేవ్ ఫైల్‌లో నేరుగా కూడా దిద్దొచ్చు. మామూలు వేవ్ హెడర్‌లో మొదటి బైట్‌ని సున్నాగా లెక్కపెడితే 24వ బైట్ దగ్గర శాంపిల్ రేట్, 28వ బైట్ దగ్గర సెకనుకి ఎన్ని బైట్లో ఉంటాయి, రెండూ నాలుగేసి బైట్లు, చిన్న బైట్ ముందు. రెండూ మార్చాలి, 16 బిట్ స్టీరియోకి 44100 అయితే రెండో అంకె 176400, 48000 అయితే 192000. బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైళ్లలో ముందు వేరే భాగాలు ఉండి ఈ స్థానాలు జరుగుతాయి, అక్కడ ముందు ఫార్మాట్ భాగం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఎంపీ3, ఏఏసీ లాంటి కంప్రెస్డ్ ఫైల్ అయితే విప్పి, సరిచేసి, మళ్లీ కుదించాలి, కాస్త నాణ్యత పోతుంది. దాచుకునే కాపీని వేవ్ లేదా ఫ్లాక్‌లో పెట్టుకోండి. ఏఏసీలో ఇంకో చిక్కుంది. తక్కువ బిట్ రేట్ కోసం వాడే హెచ్‌ఈ ఏఏసీలో లోపలి అసలు భాగం సగం రేట్‌లోనే ఉంటుంది, పై ఫ్రీక్వెన్సీలని డికోడర్ తయారుచేసి కలుపుతుంది. ఇది సరిగ్గా అర్థంకాని పాత టూల్‌తో విప్పితే శబ్దం మొద్దుబారుతుంది, కొన్నిసార్లు స్పీడ్ కూడా సగమో రెట్టింపో అవుతుంది. అక్కడ స్పీడ్ సరిచేయకండి, కొత్త డికోడర్‌తో మళ్లీ విప్పండి.

హెడర్ అసలే లేని రా ఫైళ్లకి ఆడాసిటీ ఇంపోర్ట్ మెనూలో రా డేటా అని ఉంది. ఎన్‌కోడింగ్, ఛానళ్లు, రేట్ మీరే చెప్పాలి. బిట్ల సంఖ్యో బైట్ల వరసో తప్పితే హోరు తప్ప ఏమీ రాదు. మాట అర్థమవుతూ రెట్టింపు స్పీడ్‌లో వస్తే ముందు ఛానళ్లని అనుమానించండి: మోనోని స్టీరియో అని చెబితే ఒక శాంపిల్ ఎడమకి, ఇంకోటి కుడికి పోయి, రెండు ఛానళ్లూ దాదాపు ఒకేలా, రెట్టింపు వేగంతో వస్తాయి. దీన్ని రేట్ తగ్గించి సరిచేస్తే శాంపిళ్లు సగానికి సగం విడిపోయే ఉంటాయి, పై ఫ్రీక్వెన్సీలు పాడవుతాయి. మళ్లీ మోనోగా ఇంపోర్ట్ చేయడమే మందు.

టేపులు, రికార్డులు

మామూలు క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. రీల్ టేపులు 9.5, 19, 38, ఒకదానికొకటి రెట్టింపు. మైక్రోక్యాసెట్‌కి 2.4, 1.2. అందుకే టేపుల్లో తప్పు చాలావరకు సరిగ్గా రెండు రెట్లే ఉంటుంది. కొన్ని నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్లు కూడా మామూలుకి రెట్టింపు స్పీడ్‌లో నడిచేవి.

టేప్ ఇంకా మీ దగ్గరే ఉంటే, సరైన స్పీడ్ ఉన్న మెషిన్ దొరికితే, మళ్లీ ఎక్కించండి. దొరక్కపోతేనే సాఫ్ట్‌వేర్. రెట్టింపు స్పీడ్‌లో తిప్పుతూ ఎక్కించక తప్పకపోతే 96000 రేట్‌లో రికార్డ్ చేయండి, ఎందుకంటే టేప్ మీద 15000 హెర్ట్జ్‌లో ఉన్నది అప్పుడు 30000 అవుతుంది, 48000 రేట్ దాన్ని పట్టుకోలేదు.

రికార్డులకి చేంజ్ స్పీడ్ ఎఫెక్ట్‌లోనే 33⅓, 45, 78 ఎంచుకునే చోటు ఉంది. 78 రికార్డుని 45లో తిప్పి ఎక్కించి తర్వాత 1.733 రెట్లు పెంచడం అందరూ చేసేదే. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఫోనో ప్రీయాంప్‌లోని (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే పరికరం) ఈక్వలైజేషన్, అంటే బాస్, ట్రెబుల్ సర్దుబాటు, సరైన స్పీడ్‌కి లెక్కగట్టింది, తప్పు స్పీడ్‌లో అది తప్పు ఫ్రీక్వెన్సీల మీద పడుతుంది. కుదిరితే ఈక్వలైజేషన్ లేకుండా ఎక్కించి, స్పీడ్ సరిచేశాకే అది పెట్టండి. రెండోది, 1925కి ముందు, విద్యుత్ రికార్డింగ్ రాకముందు కాలపు 78లు చాలావరకు 78లో తీసినవి కావు. అక్కడ హమ్ కూడా ఉండదు, వాద్యం శ్రుతే దిక్కు.

బ్యాటరీ అయిపోతున్న రికార్డర్‌లో తీసిన టేప్ ఇంకో రకం తలనొప్పి. రికార్డ్ చేసేటప్పుడు మోటార్ క్రమంగా నెమ్మదిస్తుంది, కాబట్టి మంచి మెషిన్‌లో వినేటప్పుడు గొంతు పోనుపోను పైకెక్కుతూ వేగం పుంజుకుంటుంది. ఒకే అంకెతో ఇది కుదరదు. ఆడాసిటీలో వేగాన్ని గీతతో మార్చే టైమ్ ట్రాక్ కలిపి, మొదట్లో, మధ్యలో, చివర్లో హమ్‌నో తెలిసిన స్వరాన్నో కొలిచి, ఆ చోట్ల గీతని అంతే కిందికి లాగండి. క్షణక్షణం వణికే వావ్, ఫ్లట్టర్ అయితే చేత్తో అయ్యే పని కాదు, క్యాప్‌స్టన్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి.

వీడియోతో జారిపోయే ఆడియో

కెమెరాకి ఒక గడియారం, విడిగా పెట్టిన రికార్డర్‌కి ఇంకో గడియారం. రెండూ 48000 అనే చెబుతాయి, నిజానికి కాస్త అటూ ఇటూ ఉంటాయి. పది లక్షల్లో 50 పాళ్ల తేడా ఉన్నా గంటకి 0.18 సెకను, సెకనుకి 25 ఫ్రేములైతే నాలుగున్నర ఫ్రేములు. పెదాల పొంతన పోవడానికి అది చాలు.

మొదట్లో, మధ్యలో, చివర్లో పొంతన ఎంత తప్పిందో కొలవండి. తేడా సమానంగా పెరుగుతూ పోతే డ్రిఫ్ట్. ఒక చోట ఠక్కున గెంతితే అక్కడ శాంపిళ్లు పోయాయి, దానికి స్పీడ్ మార్చి లాభం లేదు, పోయిన చోట కోసి అంత ఖాళీ కలపాలి. స్క్రీన్ రికార్డింగుల్లో ఇది మామూలే.

డ్రిఫ్ట్ అయితే కెమెరాలోనూ రికార్డర్‌లోనూ పడిన రెండు చప్పట్ల మధ్య దూరం చూడండి. కెమెరా లెక్కలో 3500 సెకన్లు, రికార్డర్ లెక్కలో 3500.21 అనుకుందాం. నిష్పత్తి 1.00006. చేంజ్ స్పీడ్‌లో ఇంత చిన్న అంకె ఇవ్వడం చిరాకు; ఇందాక చెప్పిన రేట్ మెనూలో అదర్ ఎంచుకుని 48003 అని కొట్టేయండి, తర్వాత మామూలు 48000కి ఎక్స్‌పోర్ట్ చేయండి. 0.1 శాతం తేడాకీ ఇదే చిట్కా: వేగం పెంచాలంటే 48048, తగ్గించాలంటే 47952.

పిచ్ సరిగ్గానే ఉండి వేగమే మారితే

చేంజ్ టెంపో వాడండి, హై క్వాలిటీ స్ట్రెచింగ్ టిక్ పెట్టండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అయితే ఎటెంపో. 1.5 రెట్లలో సేవ్ అయిందాన్ని 0.667తో వెనక్కి తెస్తే మాటలు హాయిగా అర్థమవుతాయి, సంగీతం మాత్రం అంత బాగా రాదు. ఒక్కసారిలోనే చేయండి, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు చేస్తే ఆ మచ్చలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

సరైందో లేదో

నిడివితో లెక్క తేల్చి ఉంటే, ఫ్రీక్వెన్సీతో ఒకసారి సరిచూడండి. ఫ్రీక్వెన్సీతో తేల్చి ఉంటే నిడివితో చూడండి. రెండూ ఒప్పుకుంటేనే సేవ్ చేయండి. ఫైల్ పేరులోనే అసలు రేట్, గుణించిన అంకె రాసి పెట్టండి, లేకపోతే ఆరు నెలల తర్వాత అదే ఫైల్‌ని ఇంకోసారి "సరిచేస్తారు".

కొత్త రికార్డింగులు కూడా ఇలాగే వస్తుంటే మైక్ సంగతి చూడండి. బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ ఆన్ అవగానే అది కాల్ మోడ్‌లోకి, అంటే 8000 లేదా 16000 రేట్‌కి దిగిపోతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆ మార్పుని గమనించకపోతే 48000 అని రాసుకుంటూ పోతుంది, వినేటప్పుడు మూడు రెట్లో ఆరు రెట్లో వేగంగా కిచకిచలాడుతుంది. హెడ్‌సెట్‌ని వినడానికే ఉంచి, మైక్‌గా ఫోన్‌దో కంప్యూటర్‌దో, వైరు ఉన్నదో ఎంచుకోండి.